ఉపయోగం అనే గడి

ఈ నెలంతా మా స్టేషన్లో క్షమాపణల నెల.
లైసెన్సు లేని తుపాకీ ఏదైనా తెచ్చి
బల్ల మీద పెట్టి వెళ్ళిపోవచ్చు,
ఎవర్నీ ఏమీ అడగం.
ఆ కాగితం తలుపు మీద నేనే అంటించాను.
షెట్లండ్ గాలికి అప్పుడే రెండు మూలలు ఊడాయి.

మంగళవారం వానలో ఓస్లా వచ్చింది.
పాత ఉన్ని స్వెట్టర్ చేతిలోంచి,
వలలోంచి చేపను విడదీసినట్టు,
ఒక ఇత్తడి గొట్టాన్ని బయటికి లాగింది.
పొట్టి మెడ. నా బొటనవేలు వదులుగా పట్టేంత నోరు.
"ఇది తుపాకీ కాదు నాయనా," అంది,
"మనిషి మీద గురిపెట్టింది కాదు. ఆకాశం మీదే."

చట్టం అలా అనుకోదు.
తాడు లాగితే నిప్పు చిమ్మే ప్లాస్టిక్ గొట్టం
పడవ సామాన్ల కొట్లో దొరుకుతుంది,
మోకుల పక్కన, బిస్కెట్ల పక్కన.
అదే నిప్పు మీట నొక్కితే ఎగిరిందా,
దానికి సర్టిఫికెట్టు కావాలి, తాళమున్న ఇనప్పెట్టె కావాలి,
నువ్వు మంచివాడివని ఇంకొకరెవరో రాసివ్వాలి.
ఈ తేడా ఏమిటని పద్దెనిమిదేళ్ళుగా జనం అడుగుతారు.
తెలిసినట్టే తల ఊపుతాను.

ఫారంలో గడులు చిన్నవి.
గొట్టం పొడవు: కొలిచాను.
నోటి వెడల్పు: ఒకటిన్నర అంగుళం.
తూటాలు: రెండు, ఎర్రవి.
గడువు తేదీ ఇంకా చదవొచ్చు,
తీరిపోయి ముప్పై ఏళ్ళు.
డబ్బాలో మాత్రం మూడు గుంటలున్నాయి.

అడగకూడదు. తలుపు మీద రాసే ఉంది.
"మూడోది?" అన్నాను.

కొత్త సంవత్సరం రాత్రి. గిబ్బీ పడవ
రాతిగుట్టల అవతల ఇంజను ఆగి నిలిచిపోయింది.
పన్నెండు కొట్టే వేళకి ఊరంతా రేవులోనే ఉంది.
గడువు తీరిన ఫ్లేర్లని పారేయడం దేనికని
ప్రతి పడవవాడూ ఒకటి పైకి వదిలే రోజులవి.
ఆపద లేకుండా ఆపద గుర్తు చూపడం
అప్పుడూ నేరమే.
ఎవరి మీద రాస్తారు కేసు? పోలీసులూ అక్కడే ఉన్నారు,
తలలెత్తి.

"మూడో రోజు పడవ దొరికింది. ఇదీ అందులోనే.
ఒక్కటే కాల్చాడు.
తక్కిన రెండూ పొడిగా ఉన్నాయి, మూత బిగించి.
ఎందుకు దాచుకున్నాడో తెలియడానికి
నాకు చాలా ఏళ్ళు పట్టింది.
ఆ రాత్రి గాలి ఒడ్డు మీంచి సముద్రంలోకి.
మన కేకలు వినపడి ఉంటాయి.
చూశారనుకున్నాడు."

నాకప్పుడు తొమ్మిదేళ్ళు.
నాన్న భుజాల మీద ఉన్నాను, ఆయన టోపీ నా తల మీద.
తారాజువ్వలన్నీ అయిపోయాయనుకున్నాక
అన్నిటికంటే అవతల ఒక ఎర్రచుక్క లేచింది.
దిగడం ఇష్టం లేనట్టు వేలాడింది,
నీళ్ళ మీద మా దాకా ఒక ఎర్రటి బాట పరిచింది.
దానికే ఎక్కువ చప్పట్లు కొట్టాను.
చేతిగ్లౌజులు విప్పి మరీ.

ఈ మాట ఆమెకి చెప్పలేదు.

ఇంకో గడి మిగిలింది: ఉపయోగం.
వేట, పోటీలు, చీడపీడల నివారణ, సేకరణ.
ఏదో ఒకదాని ఎదురుగా టిక్కు పెట్టాలి.
కలం పట్టుకుని కూర్చున్నాను,
సిరా ఆరిపోతోందన్నట్టు ఒకసారి విదిలించాను కూడా.

"వీటినేం చేస్తారు?" అంది తూటాల్ని చూస్తూ.
"సైన్యం వాళ్ళొచ్చి తీసుకెళ్తారు.
గుంట తవ్వి కాల్చేస్తారు."
"రాత్రా?"
"పట్టపగలే."
స్వెట్టర్ ఖాళీ చేతిని మడిచింది, మళ్ళీ విప్పింది.
"పగలైతే ఎవరూ పొరబడరులే."

రసీదు తీసుకోకుండానే వెళ్ళిపోయింది.
పరుగెత్తి ఇవ్వొచ్చు.
బస్టాపు ఈ కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది.